క్లాసు గ్రూపు పెట్టి తప్పు చేశానా? మూసేయమంటారా?

సుద్దముక్క
తొమ్మిదో తరగతికి ఫిజిక్స్ చెప్తాను. ఏడాది మొదట్లో వాట్సాప్‌లో క్లాసు గ్రూపు పెట్టాను. 42 మంది పిల్లలు, నేను. ఇంటి దగ్గర సందేహం వస్తే అక్కడే అడుగుతారు, తెలిసినవాళ్ళు చెప్తారు, తప్పుంటే నేను సరిదిద్దుతాను అనుకున్నా. ఆరు నెలలైంది. నిన్న రాత్రి కూర్చుని మొదటి నుంచీ చదివాను. పొద్దున్నే పువ్వుల బొమ్మలతో శుభోదయాలు. పుట్టినరోజు కేకులు. "రేపు యూనిఫామా, కలర్ డ్రెస్సా". "హోంవర్క్ ఏంటి" అని ఒకరు, దాని కింద ఇంకొకరి నోట్సు ఫోటో, దాని కింద 19 మంది బొటనవేళ్ళు. నిజమైన ఫిజిక్స్ సందేహాలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో రెండు నేను బతిమాలి అడిగించినవి.

అసలు బాధ ఏంటంటే ఆ నోట్సు ఫోటోలో తప్పుంది. త్వరణం ప్రమాణం దగ్గర సెకను మీద వర్గం పెట్టలేదు ఆ పిల్ల. మర్నాడు దిద్దితే 19 పుస్తకాల్లోనూ వర్గం లేదు.

మూసేస్తే పీడా పోతుందా, లేక నాకే వాడటం తెలియలేదా? హైస్కూల్ పిల్లలతో ఇలాంటివి నడిపినవాళ్ళు చెప్పండి. నీతులు వద్దు, అనుభవం కావాలి.

వెనకబెంచి
మేడం, నేను పదో తరగతి. ఒక రహస్యం చెప్తా. మీరున్న గ్రూపు అసలు గ్రూపు కాదు. మీరు లేనిది ఇంకోటి ఉంటుంది. ప్రతి క్లాసుకీ ఉంటుంది. సందేహాలు అందులో అడుగుతాం.

సుద్దముక్క
మా వాళ్ళకీ ఉందంటావా?

వెనకబెంచి
42 మందిలో 41 మంది అందులో ఉంటారు. మిగిలిన ఒక్కడు మీకు చెప్పేస్తాడని చేర్చరు.

లెక్కలపంతులు
ఆ ఒక్కడిని చిన్నప్పుడు నేనే. అప్పట్లో గ్రూపులు లేవు కాబట్టి బతికిపోయా.

పాతహెడ్మాస్టరు
మూసేయండమ్మా. ముప్పై ఏళ్ళు బళ్ళో ఉన్నవాణ్ణి చెప్తున్నా. చదువంటే పిల్లవాడు, పుస్తకం, ఎదురుగా ఒక మనిషి. ఫోను ఆ ముగ్గురి మధ్యలోకి వచ్చే నాలుగోవాడు. ఫోటో తీసుకుంటే పాఠం వచ్చేసినట్టు అనుకుంటున్నారు ఈ కాలం పిల్లలు. చేత్తో రాసుకుంటే రాస్తున్నంతసేపైనా మెదడు పనిచేస్తుంది. ఫోటోకి బొటనవేలు చాలు. మీ 19 మందే సాక్ష్యం.

లెక్కలపంతులు
హెడ్మాస్టరు గారూ, ఆ 19 మందీ చేత్తోనే రాసుకున్నారు సార్. వర్గం లేకుండా రాసుకున్నారు. మన రోజుల్లో పక్కవాడి పుస్తకం అరువు తెచ్చుకుని ఎక్కించుకోలేదా? అప్పుడు తప్పు ఒక బెంచీ దాటేది కాదు, ఇప్పుడు ఊరంతా తిరిగొస్తోంది. రోగం పాతదే, బండి కొత్తది.

ఇద్దరుపిల్లలతల్లి
అమ్మగా నా గోడు వినండి. మావాడికి పన్నెండున్నర. క్లాసు గ్రూపులో చేరాలంటే నెంబరు కావాలి, నెంబరుంటే వాట్సాప్, వాట్సాప్ వచ్చాక ఇన్‌స్టా రాకుండా ఆపడం నా వల్ల కాలేదు. దానికి 13 నిండాలట, పుట్టిన సంవత్సరం దగ్గర రెండేళ్ళు వెనక్కి నొక్కేశాడు. "చదువు కోసమే కదమ్మా" అంటాడు. గుమ్మం తెరిచింది చదువే, లోపలికి వచ్చింది మాత్రం చదువొక్కటే కాదు. టీచర్లు గ్రూపు పెట్టేముందు ఇది ఆలోచిస్తారా?

వైర్లమనిషి
ఇద్దరుపిల్లలతల్లి గారూ, ఆ 13 ఏళ్ళ గీత ఎక్కడ పుట్టిందో తెలుసా? పిల్లల మనసు చదివి ఎవరో లెక్కగట్టింది కాదు. అమెరికాలో 1998లో పిల్లల ఆన్‌లైన్ గోప్యత చట్టం వచ్చింది, 2000 నుంచి అమలు. 13 లోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంది. ఆ తలనొప్పి ఎందుకని కంపెనీలు "13 నిండినవాళ్ళే రండి" అని బోర్డు పెట్టేశాయి. ఆ గీతే ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు ఒక్కో దేశం తన గీత తను గీసుకుంటోంది. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి 16 లోపు వాళ్ళు ఇన్‌స్టా, టిక్‌టాక్, యూట్యూబ్ లాంటి వాటిలో ఖాతా ఉంచుకోకుండా కంపెనీలే చూడాలి. మన దగ్గర 2023 డేటా చట్టం 18 నిండేదాకా పిల్లలే అంటుంది.

ఇక్కడ గమనించాల్సిందొకటుంది. ఆస్ట్రేలియా వాళ్ళు గూగుల్ క్లాస్‌రూమ్‌నీ వాట్సాప్‌నీ ఆ జాబితాలో పెట్టలేదు. ఎందుకంటే మనం "సోషల్ నెట్‌వర్క్" అని ఒకే మాటతో రెండు వేర్వేరు వస్తువుల్ని పిలుస్తున్నాం. ఒకటి ఫీడ్. నువ్వు అడక్కపోయినా తెచ్చి ముందు పోస్తూనే ఉంటుంది, నువ్వు ఎంతసేపు ఉంటే వాడికి అంత లాభం. రెండోది గుంపు. తెలిసిన మనుషులు, ఒక పని. సుద్దముక్క గారి గొడవ గుంపుతో. మీ అబ్బాయి గొడవ ఫీడ్‌తో. రెండింటికీ మందు ఒకటే కాదు.

ఇద్దరుపిల్లలతల్లి
బాగానే చెప్పారు గానీ రెండూ ఒకే ఫోనులో ఉంటాయి కదండీ. వాడి వేలికి ఆ తేడా ఏం తెలుస్తుంది?

వైర్లమనిషి
దానికి నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో అయితే గ్రూపు నా ల్యాప్‌టాప్‌లో తెరిచి హాల్లో పెడతాం. పిల్ల ఫోను వేరు, క్లాసు వేరు.

బిడ్డనాయన
మా ఇంట్ల ఫోను ఒక్కటే, అది నాతోనే ఉంటది. డ్యూటీ అయినంక ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది. అప్పటికి గ్రూపుల నూట ఇరవై మెసేజులు. నా బిడ్డ అవన్నీ కిందికి మీదికి గుంజి సూస్తది, ఎవడు ఏమన్నడో సమజ్ కాదు, నిద్రపోతది. మీరేమో ఫోటోలు, వర్గాలు అంటున్నరు. ముందుగాల అందరికి అందుతుందా లేదా అది సూడుండ్రి.

సుద్దముక్క
బిడ్డనాయన అన్నా, ఇది నాకు తట్టనే లేదు. గ్రూపులో ఎప్పుడూ మాట్లాడని పిల్లలు ఆసక్తి లేనివాళ్ళనే అనుకుంటున్నా ఇన్నాళ్ళూ. వాళ్ళ ఇళ్ళల్లో ఫోను ఎవరి దగ్గరుంటుందో రేపు అడుగుతాను.

సోషల్‌సార్
నా కథ చెప్తా, జాగ్రత్త పడతారని. నేను పనిచేసిన ఒక బళ్ళో రాత్రి పదకొండుకి ఒక విద్యార్థిని నాకు విడిగా మెసేజ్ పెట్టింది. పాఠం సందేహమే. జవాబు చెప్పాను. అట్లా నాలుగైదు సార్లు. వాళ్ళింట్లో ఎవరో ఫోను చూసి బడికి వచ్చారు. అందులో తప్పు మాట ఒక్కటీ లేదు, అన్నీ భారతదేశ పటాలు, నదులే. అయినా నెల రోజులు స్టాఫ్‌రూంలో తలెత్తుకోలేకపోయాను. అప్పట్నుంచి ఒకటే నియమం. విడిగా మెసేజ్ వస్తే "గ్రూపులో అడుగు" అని ఒక్క లైను, అంతే.

వైర్లమనిషి
అమెరికాలో మిస్సోరి రాష్ట్రం 2011లో దీనికి ఏకంగా చట్టమే చేసింది. టీచర్లు విద్యార్థులతో విడిగా, ఇంకెవరికీ కనపడకుండా మాట్లాడే వీలున్న సైట్లు వాడకూడదని. టీచర్లు కోర్టుకెక్కారు. మరీ అతిగా ఉందని కోర్టు ఆపింది. అదే ఏడాది శాసనసభే ఆ భాగం తీసేసి, ఎవరి నియమాలు వాళ్ళే రాసుకోండి అని బళ్ళకి వదిలేసింది. తల్లో తండ్రో టీచరైతే, అదే బళ్ళో చదివే సొంత పిల్లలతో కూడా మాట్లాడకూడదా అన్న ప్రశ్న కూడా వచ్చింది అప్పట్లో.

లెక్కలపంతులు
మా అబ్బాయి నా క్లాసులోనే. వాడు నాతో మాట్లాడకూడదని చట్టం వస్తే పండగ చేసుకుంటాడు.

పాతహెడ్మాస్టరు
చూశారా, పువ్వుల బొమ్మలతో మొదలై కోర్టుదాకా వచ్చింది. ఇంత రొష్టు ఎందుకంట?

మూగప్రేక్షకురాలు
ఈ వేదికలో ఐదేళ్ళుగా చదువుతున్నా, ఇది నా మొదటి పోస్టు. హెడ్మాస్టరు గారి మాట చూసి ఆగలేకపోయాను.

బళ్ళో నేను ఎప్పుడూ చెయ్యెత్తలేదు. జవాబు తెలియక కాదు. టీచరు అడగ్గానే నాలోపల వాక్యం తయారవడం మొదలయ్యేది, సగం అయ్యేసరికి ముందు బెంచీ వాళ్ళు చెప్పేసేవాళ్ళు. పదేళ్ళు అదే. నన్ను "మొద్దు కాదు గానీ మొండి" అని రాశారు ఒకసారి. తరవాత కాలేజీలో ఒక లెక్చరర్ ఆన్‌లైన్ చర్చ పెట్టారు, మూడు రోజుల్లోపు ఎప్పుడైనా రాయొచ్చు అని. నేను పేజీన్నర రాశాను. ఆయన మర్నాడు క్లాసులో నా పేరు పిలిచి, ఎవరా అని వెతుక్కున్నారు. రెండేళ్ళుగా అదే క్లాసులో కూర్చుంటున్నా.

అందుకని "ఇంత రొష్టు ఎందుకు" అంటే, నాలాంటి వాళ్ళ కోసం.

పాతహెడ్మాస్టరు
అమ్మా, మీ మాట కాదనను. నా క్లాసుల్లో కూడా మీలాంటివాళ్ళు ఉండే ఉంటారు. ఎంతమందో నాకు తెలియదు.

లెక్కలపంతులు
మూగప్రేక్షకురాలు గారూ, మీరు చెప్పినదాని మీద పరిశోధన ఉంది. మేరీ బడ్ రో అని అమెరికన్ విద్యావేత్త, 1970ల్లో క్లాసుల రికార్డింగులు విని చూశారు. టీచరు ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారు అని. దాదాపు ఒక్క సెకను! ఆ ఒక్క సెకనునీ మూడు సెకన్లు చేస్తే జవాబులు పొడుగయ్యాయి, "తెలియదు"లు తగ్గాయి, మామూలుగా నోరెత్తని పిల్లలు మాట్లాడారు. బీఎడ్‌లో ఇది చదివి, మర్నాడు క్లాసులో మూడు సెకన్లు ఆగాను. "సార్, ఒంట్లో బాలేదా" అన్నారు.

గ్రూపులో ఉన్న గొప్పంతా ఇదే నా దృష్టిలో. మూడు సెకన్లని మూడు రోజులు చేయొచ్చు. కానీ "హోంవర్క్ ఏంటి" అన్న ప్రశ్నకి మూడు రోజులిస్తే ఏం లాభం? ఆలోచించాల్సిన ప్రశ్న పడితేనే ఆ సమయానికి విలువ.

వైర్లమనిషి
ఇంకో మాట. 42 మందిలో ఎంతమంది మాట్లాడాలని ఆశిస్తున్నారు మేడం? వెబ్‌సైట్లని జనం ఎలా వాడతారో పరిశీలించే జేకబ్ నీల్సన్ 2006లో ఒక మోటు లెక్క రాశాడు, 90-9-1 అని. ఆన్‌లైన్ గుంపుల్లో వందకి 90 మంది చదివి ఊరుకుంటారు, 9 మంది అప్పుడప్పుడు రాస్తారు, ఒక్కడు తెగ రాస్తాడు.

లెక్కలపంతులు
ఈ వేదికలో ఆ ఒక్కడు ఎవరో అందరికీ తెలుసు. ఇప్పుడే పైన రాశాడు.

వైర్లమనిషి
సరే, ఒప్పుకున్నా.

వెనకబెంచి
మేడం లేని గ్రూపులో అట్లా ఉండదు, దాదాపు అందరూ మాట్లాడతారు. ఎందుకంటే తప్పు చెప్తే "ఒరేయ్ సన్నాసీ" అంటారు, అంతే, అయిపోద్ది. మేడం ఉన్న గ్రూపులో తప్పు చెప్తే 41 మంది ముందు మేడం చూస్తారు, మళ్ళీ అమ్మానాన్నల మీటింగులో గుర్తొస్తుంది అని భయం. ఎవడో స్క్రీన్‌షాట్ తీస్తాడు, అది ఏడాదంతా తిరుగుతుంది. మా క్లాసులో ఒకడు, అది దూరమని తెలియక, "కాంతి సంవత్సరం అంటే ఎన్ని రోజులు" అని అడిగాడు. వాడి పేరే ఇప్పుడు కాంతి సంవత్సరం.

సోషల్‌సార్
పాపం కాంతి.

ఇద్దరుపిల్లలతల్లి
నవ్వొచ్చింది గానీ ఆ పిల్లాడికి ఎట్లా ఉంటుందో. ఇంకెప్పుడైనా ప్రశ్న అడిగాడా వాడు?

వెనకబెంచి
...లేదు ఆంటీ.

సుద్దముక్క
అది కూడా రాసిపెట్టుకున్నాను. రెండు విషయాలు అర్థమవుతున్నాయి. నేను పెట్టింది నోటీసు బోర్డు, దాన్నుంచి చర్చ ఆశించాను. తప్పు చెప్పడానికి చోటు లేకుండా సందేహాలు అడగమన్నాను. మరి కాపీ సంగతి? ఎవరో ఒకరు జవాబు పెట్టగానే మిగతావాళ్ళ ఆలోచన ఆగిపోతుంది కదా.

వైర్లమనిషి
దానికి ఉపాయం 2002లో మొదలైన మూడుల్‌లో ఉంది, ఆన్‌లైన్‌లో క్లాసులు నడిపే సాఫ్ట్‌వేర్ అది. అందులో ప్రశ్నోత్తరాల రకం చర్చ ఒకటుంటుంది. నీ జవాబు నువ్వు పెట్టేదాకా ఇంకెవరి జవాబూ నీకు కనపడదు. పెట్టాక దిద్దుకునే గడువు, మామూలుగా అరగంట, అది కూడా దాటాలి, అప్పుడే తలుపు తెరుచుకుంటుంది. చూసి మార్చుకునే వీల్లేదు. ఇంత చిన్న మార్పుతో గ్రూపు స్వభావమే మారిపోతుంది.

ఎక్కడ పెట్టినా సరుకు మాత్రం మీ దగ్గర ఒక ప్రతి ఉంచుకోండి. ఎడ్మోడో గుర్తుందా? 2008లో మొదలైంది, బళ్ళ కోసమే కట్టిన నెట్‌వర్క్. 2022 సెప్టెంబరులో మూసేశారు. అంతకుముందు నింగ్ అని, ఎవరి నెట్‌వర్క్ వాళ్ళు కట్టుకునే సైటులో ఉచితంగా క్లాసు నెట్‌వర్కులు కట్టుకున్న టీచర్లకి 2010లో "ఇక డబ్బు కట్టండి" అన్నారు. అద్దె ఇంట్లో మామిడి మొక్క నాటినట్టే ఇవన్నీ.

సుద్దముక్క
మూడుల్ పెట్టడానికి మా బళ్ళో సర్వరూ లేదు, చూసుకునే మనిషీ లేడు. ఉన్న వాట్సాప్‌లో చేసే దారి చెప్పండి.

లెక్కలపంతులు
కాగితం వాడండి! నిజంగానే. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అని ఫిజిక్స్ ప్రొఫెసరు 1991లో మొదలుపెట్టిన పద్ధతి. ప్రశ్న ఇచ్చి ముందు ఎవరికి వాళ్ళు జవాబు ఎంచుకోమంటాడు. తరవాత పక్కవాణ్ణి ఒప్పించమంటాడు. తరవాత మళ్ళీ ఓటు. సోవియట్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ దీన్ని చాలాముందే వేరే మాటల్లో చెప్పాడు, ఒంటరిగా చెయ్యలేని పని తనకంటే కొంచెం తెలిసిన తోటివాడి సాయంతో చేసే జాగాలోనే పిల్లలు ఎదుగుతారని. మనకి వచ్చినదాన్ని మనం అంత తేలిగ్గా చెప్పలేం. నిన్ననే నేర్చుకున్నవాడికి తను ఎక్కడ తడబడ్డాడో గుర్తుంటుంది.

మీరు మొదటి ఓటు బళ్ళో చీటీల మీద వేయించండి, మడిచి డబ్బాలో. చూసి రాయడం ఉండదు. వాదన గ్రూపులో, రెండు రోజులు. బిడ్డనాయన అన్న ఇంటికొచ్చేదాకా ఆగాలి కదా, అందుకే రెండు రోజులు. రెండో ఓటు మళ్ళీ చీటీ. గ్రూపులో జవాబు పెట్టకూడదు, "ఎందుకు" మాత్రమే పెట్టాలి.

పాతహెడ్మాస్టరు
ఇది కొంచెం చదువులా ఉంది. చీటీలున్నాయి కాబట్టి.

బిడ్డనాయన
లెక్కలపంతులు సార్, యాది పెట్టుకున్నందుకు మంచిది. ఇంకొకటి. నా బిడ్డకు టైపింగ్ రాదు, గొంతుతోని పంపిస్తది. దాన్ని సుత నడవనియ్యిండ్రి.

సుద్దముక్క
తప్పకుండా. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసినా, గొంతు పంపినా, బొమ్మ గీసి పంపినా సరే అని చెప్తాను. సోమవారం మొదలుపెడతా. ప్రశ్న ఇది. గ్లాసులో అంచుదాకా నీళ్ళు, పైన ఐస్ ముక్క తేలుతోంది. ఐస్ మొత్తం కరిగాక నీళ్ళు పొర్లుతాయా, తగ్గుతాయా, అలాగే ఉంటాయా? ఐదు రోజుల తరవాత వచ్చి చెప్తాను.

నిర్వాహకుడు
ఈ లోపు మీలో మీరు జవాబులు పెట్టేసుకోకండి. వేదిక చదివే తొమ్మిదో తరగతి వాళ్ళు కూడా ఉన్నారు.

లెక్కలపంతులు
రాయబోయి చెరిపేశాను.

సుద్దముక్క
వచ్చాను. అన్నీ చెప్పాలని ఉంది, పొడుగైతే క్షమించండి.

మొదటి చీటీల్లో 27 మంది పొర్లుతాయి, 3 తగ్గుతాయి, 12 అలాగే ఉంటాయి. లెక్క బోర్డు మీద రాశాను, ఎవరిది ఏదో చెప్పలేదు. సాయంత్రం గ్రూపులో ఒక్క మాట పెట్టాను: "ఇక్కడ తప్పు చెప్పినవాళ్ళకి మార్కులు పోవు, పేర్లు పెట్టరు. పేరు పెట్టినవాడు మర్నాడు బోర్డు దగ్గర నిలబడి నాతో వాదించాలి." కాంతి సంవత్సరం గుర్తొచ్చి రాశాను.

మొదటి గంట శ్మశానం. తరవాత ఒకడు "ఐస్ నీళ్ళలోకి నీళ్ళై కలుస్తుంది, నీళ్ళు ఎక్కువవుతాయి, పొర్లక ఏం చేస్తుంది" అన్నాడు. ఇంకొకడు "కానీ ఐస్ అప్పటికే కొంత మునిగే ఉంది కదా" అన్నాడు. ఇక ఆగలేదు. పువ్వుల బొమ్మ ఒక్కటీ లేదు. రాత్రి తొమ్మిదిన్నరకి ఎప్పుడూ మాట్లాడని అమ్మాయి గొంతు వచ్చింది, నాలుగు నిమిషాల ఆడియో, వెనకాల టీవీ చప్పుడు. ఐస్ బరువు ఎంతో అంత బరువు నీళ్ళని పక్కకి నెడుతుంది, కరిగాక ఆ ఐస్ అంత బరువు నీళ్ళే అవుతుంది, కాబట్టి ఖాళీ చేసిన చోటులోనే సరిగ్గా సరిపోతుంది అని, తడబడుతూ, మూడుసార్లు వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పింది. నేను క్లాసులో చెప్పినదానికంటే బాగుంది. మర్నాడు ఇంకో పిల్ల నిజంగానే గ్లాసు పెట్టి, అంచుకి టేపు అంటించి, కరగకముందు, కరిగాక రెండు ఫోటోలు పెట్టింది.

రెండో చీటీలు: పొర్లుతాయి 9, తగ్గుతాయి 1, అలాగే ఉంటాయి 32. ఆ 9 మందిలో ఒకడు ఫోటో చూశాక కూడా "గ్లాసు చిన్నది మేడం, సముద్రమైతే పొర్లుతుంది" అంటున్నాడు. ఉప్పునీళ్ళైతే వాడు కొంచెం కరెక్టే కూడా. కరిగేది మంచినీళ్ళు, ఉప్పునీళ్ళకంటే తేలిక, కాబట్టి నెట్టిన చోటుకంటే కాస్త ఎక్కువ చోటు కావాలి. వాడికి ఆ సంగతి తెలియదు, నేనింకా చెప్పలేదు.

పన్నెండు మందికి ఇంట్లో ఫోను అందదని ఈ వారమే తెలిసింది. వాళ్ళ కోసం గ్రూపు వాదనలు చేత్తో రాసి గోడకి అంటించే పని ఇద్దరు పిల్లలు తీసుకున్నారు. మూసేయను ఇప్పుడప్పుడే.

ఇప్పుడు అసలు సమస్య. ఒకమ్మాయి అడిగింది: "మేడం, ఐస్ లోపల రాయి ఉంటే?" కొంచెం ఆలోచించి రేపు చెప్తానన్నాను.

వెనకబెంచి
మా మేడం లేని గ్రూపులో పెట్టేశా ఇది. గొడవ మొదలైంది.

పాతహెడ్మాస్టరు
ఇందులో ఆలోచించడానికేముందమ్మా? తేలే వస్తువు తన బరువంత నీటిని తొలగిస్తుంది. ఆర్కిమెడిస్. రాయి ఉన్నా లేకున్నా మారదు.

లెక్కలపంతులు
తగ్గుతుంది సార్.

పాతహెడ్మాస్టరు
ఎలా తగ్గుతుంది? ఉన్న బరువు ఉన్నట్టే ఉంది కదా గ్లాసులో.

మూగప్రేక్షకురాలు
బరువు అంతే ఉంది గానీ రాయి ఇప్పుడు తేలడం లేదు కదండీ. అదే తేడా అనిపిస్తోంది. సరిగ్గా చెప్పలేకపోతున్నా.

సోషల్‌సార్
నేను సోషల్. అయినా అడుగుతున్నా, రాయి బదులు చెక్కముక్క ఉంటే?

లెక్కలపంతులు
అది తరవాత కూడా తేలుతుంది, కాబట్టి మట్టం మారదు. మీరు సోషల్ వదిలేయొచ్చు.

ఇద్దరుపిల్లలతల్లి
మీరు వాదించుకోండి, మేం చేసేస్తున్నాం. ఐస్ ట్రేలో నాణెం పెట్టి గడ్డకట్టించాం. గ్లాసులో వేశాం. బుడుంగున మునిగిపోయింది! తేలనే లేదు. ఎందుకు?

వైర్లమనిషి
ముక్క మరీ చిన్నది. ఐస్ తన బరువులో పదో వంతుకి కొంచెం తక్కువ అదనపు బరువునే మోయగలదు. 20 గ్రాముల ఐస్ మీద రెండు గ్రాముల లోపే. నాణెం నీళ్ళలో కూడా అంతకంటే బరువు. పెద్ద గిన్నెలో అరలీటరు దాకా నీళ్ళు పోసి గడ్డకట్టించండి, నాలుగు నాణేలు పెట్టొచ్చు.

ఇద్దరుపిల్లలతల్లి
ఫ్రీజర్‌లో పెట్టాం. ఇద్దరూ దాని ముందు కాపలా. పుట్టినరోజు మార్చుకున్నవాడు కూడా.

పాతహెడ్మాస్టరు
పొద్దున ఏమైందో తప్పకుండా ఇక్కడ రాయండమ్మా.

ఇద్దరుపిల్లలతల్లి
కరగడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. టేపు మీద పెన్నుతో గీసిన గీతకి రెండు మిల్లీమీటర్లు కిందకి దిగింది. రెండుసార్లు చూశాం, మా చిన్నమ్మాయి నమ్మలేదు, మూడోసారి తనే స్కేలు పెట్టింది.

పాతహెడ్మాస్టరు
నాదే తప్పు. రాత్రి పడుకుని ఆలోచిస్తే తట్టింది. ఐస్ మోస్తున్నంతసేపు నాణెం తన బరువంత నీటిని నెట్టింది. అడుక్కి చేరాక తన పరిమాణమంత నీటినే నెడుతుంది. లోహానికి బరువెక్కువ, పరిమాణం తక్కువ, అందుకని తగ్గింది. మూగప్రేక్షకురాలు అమ్మ మొదటే చెప్పింది, నేను వినలేదు. ఆ గిన్నె ఫోటో ఒకటి పెట్టండి, దాచుకుంటాను.

వెనకబెంచి
తాతగారూ, ఫోటో వద్దు. చేత్తో బొమ్మ గీసుకోండి, మెదడు పనిచేస్తుంది.